కాలేజీ ఫుట్‌బాల్ అసిస్టెంట్ కోచ్ ఉద్యోగం: తెలుగు తల్లిదండ్రులు, పిల్లలు తరచుగా అడిగే ప్రశ్నలు

మేం డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాం. మా పెద్దవాడు ఒక యూనివర్సిటీ ఫుట్‌బాల్ టీమ్‌లో గ్రాడ్యుయేట్ అసిస్టెంట్‌గా పనిచేస్తున్నాడు. హైస్కూల్ తర్వాత వాడు ఆడలేదు, కానీ ఆటను వదల్లేదు. "నేను కోచ్ అవుతాను నాన్నా" అని వాడు చెప్పిన రోజు ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. ఈ ఉద్యోగం గురించి తెలుగులో చెప్పేవాళ్లు అప్పుడు మాకు ఒక్కరూ దొరకలేదు. ఈమధ్య తెలిసినవాళ్లు, వాళ్లకు తెలిసినవాళ్లు ఫోన్ చేసి అడుగుతున్నారు. వాళ్లు అడిగిన ప్రశ్నలకు నాకు తెలిసిన జవాబులు రాస్తున్నాను.

మీరు చెప్పేది ఏ ఫుట్‌బాల్?

అమెరికన్ ఫుట్‌బాల్. తలకు హెల్మెట్, భుజాలకు ప్యాడ్లు, కోలగా ఉండే బంతి. హైదరాబాద్ రహీం సాబ్ 1951, 1962 ఏషియన్ గేమ్స్‌లో మన దేశానికి బంగారు పతకాలు తెచ్చిపెట్టిన ఆట వేరు, దాన్ని ఇక్కడ సాకర్ అంటారు. అయితే ఒక పోలిక ఉంది. రహీం సాబ్ వృత్తిరీత్యా టీచర్. ఇక్కడ కూడా మంచి కోచ్‌లలో చాలామంది బడిలో పాఠాలు చెప్పి వచ్చినవాళ్లే. ఇది ముందుగా బోధన, తర్వాతే ఆట. ఆ సంగతి అర్థం కావడానికి నాకు రెండేళ్లు పట్టింది.

కాలేజీ ఆటకు ఇంత హడావుడి ఎందుకు?

మిషిగన్ యూనివర్సిటీ స్టేడియంలో 1,07,601 సీట్లు ఉన్నాయి. అవి నిండుతాయి కూడా. టీవీ హక్కులు, టికెట్లు, పూర్వ విద్యార్థుల విరాళాలు అన్నీ ఈ ఆట చుట్టూ తిరుగుతాయి. అన్నిటికన్నా పై స్థాయిని ఎఫ్‌బీఎస్ అంటారు. 2025లో అందులో 136 టీమ్‌లు ఉన్నాయి. దాని కింద ఎఫ్‌సీఎస్, డివిజన్ 2, డివిజన్ 3, ఇవి కాక ఎన్‌ఏఐఏ అనే వేరే సంఘం కింద ఆడే కాలేజీలు. డివిజన్ 3లో ఆటగాళ్లకు క్రీడా స్కాలర్‌షిప్‌లే ఉండవు. అందరి కళ్లూ పై స్థాయి మీదే ఉంటాయి కానీ, కొత్త కోచ్‌లకు ఎక్కువ ఉద్యోగాలు దొరికేది కింది స్థాయిల్లోనే.

ఒక టీమ్‌లో ఎంతమంది కోచ్‌లు ఉంటారు? వాళ్ల హోదాలు ఏమిటి?

పైన హెడ్ కోచ్. ఆయన కింద అఫెన్స్ (బంతి మన చేతిలో ఉన్నప్పటి ఆట), డిఫెన్స్ (ప్రత్యర్థిని ఆపడం), స్పెషల్ టీమ్స్ (బంతిని తన్నే సందర్భాలు) కోఆర్డినేటర్లు. వాళ్ల కింద పొజిషన్ కోచ్‌లు: బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్‌లకు ఒకరు, దాన్ని పట్టుకునే రిసీవర్లకు ఒకరు, ముందు వరుసలో ఉండే లైన్ వాళ్లకు ఒకరు, ఇలా. ఆ తర్వాత అనలిస్టులు, క్వాలిటీ కంట్రోల్ వాళ్లు, గ్రాడ్యుయేట్ అసిస్టెంట్లు, చివరగా స్టూడెంట్ అసిస్టెంట్లు. గ్రాడ్యుయేట్ అసిస్టెంట్‌ను అందరూ జీఏ అనే పిలుస్తారు.

2018 నుంచి ఎఫ్‌బీఎస్‌లో మైదానంలో కోచింగ్ ఇచ్చే అసిస్టెంట్లు పదిమంది మాత్రమే ఉండాలనే నియమం ఉండేది. అనలిస్టు ఆటగాడికి నేరుగా ఒక మెళకువ చెప్పినా తప్పే. 2024 జూన్‌లో కాలేజీ ఆటలకు నియమాలు పెట్టే సంఘం ఎన్‌సీఏఏ ఆ గీత చెరిపేసింది. ఇప్పుడు స్టాఫ్‌లో ఉన్న కోచ్‌లెవరైనా ప్రాక్టీస్‌లో, మ్యాచ్‌లో నేర్పవచ్చు. బయట ఊళ్లకు వెళ్లి రిక్రూటింగ్ చేసేవాళ్ల సంఖ్యకు మాత్రం పరిమితి అలాగే ఉంది. కింది మెట్టులో ఉన్న కుర్రాళ్లకు ఇది పెద్ద మేలు. నేర్పడం వస్తుందని నిరూపించుకునే అవకాశం వాళ్లకు ముందే దొరుకుతోంది.

మొదటి అడుగు ఎక్కడ పడుతుంది?

చదివే కాలేజీలోనే, డిగ్రీ మొదటి ఏడాదిలోనే. ఫుట్‌బాల్ ఆఫీసుకు వెళ్లి "ఏ పనైనా చేస్తాను" అని చెప్పాలి. మావాడు మొదట ప్రాక్టీస్ వీడియో తీశాడు. నిచ్చెనలా ఉండే లిఫ్ట్ మీద, ఆగస్టు ఎండలో నిలబడి. రెండో ఏడాది ఫిల్మ్ కత్తిరించే పని ఇచ్చారు. మూడో ఏడాది రిసీవర్ల కోచ్ పక్కన నిలబడనిచ్చారు.

డిగ్రీ అయ్యాక అసలు తలుపు జీఏ ఉద్యోగం. ఆ యూనివర్సిటీలోనే మాస్టర్స్‌లో చేరి, రెండేళ్ల పాటు టీమ్‌తో పనిచేస్తారు. మాస్టర్స్ ఫీజు కడతారు, చేతిఖర్చుకు కొంత ఇస్తారు. సీట్లు చాలా తక్కువ. దరఖాస్తు చూసి పిలిచేవాళ్లు అరుదు, తెలిసిన కోచ్ ఫోన్ చేసి చెబితేనే పని జరుగుతుంది. మన దగ్గర దీన్ని సిఫారసు అని తీసిపారేస్తాం. ఇక్కడ ఆ ఫోన్ వెనక రెండు మూడేళ్లు వాడి పని కళ్లారా చూసిన మనిషి ఉంటాడు.

ఈ వృత్తిలో అందరికన్నా పెద్ద పేరు నిక్ సేబన్ కూడా ఇక్కడే మొదలయ్యారు. 1973లో కెంట్ స్టేట్‌లో జీఏగా చేరారు. కోచ్ కావాలన్న ఆలోచన ఆయనకు అప్పటికి లేదు. భార్య టెర్రీ చదువు ఇంకో ఏడాది మిగిలి ఉంది కాబట్టి ఆ ఊళ్లోనే ఉండిపోవడానికి ఒప్పుకున్నారు. ఏడు జాతీయ టైటిళ్లు గెలిచి 2024 జనవరిలో రిటైర్ అయ్యారు.

ఓరెగాన్ హెడ్ కోచ్ డాన్ లానింగ్ కథ మా ఇంట్లో ఎన్నిసార్లు చెప్పుకున్నామో. మిజోరీలో హైస్కూల్లో పనిచేస్తూ, రాత్రంతా కారు నడుపుకుంటూ పిట్స్‌బర్గ్ యూనివర్సిటీకి వెళ్లి ఉద్యోగం అడిగారు. 2011లో అక్కడే జీఏ అయ్యారు. పదేళ్లు గడిచేసరికి ఓరెగాన్‌లో హెడ్ కోచ్.

జీఏ రోజంతా ఏం చేస్తాడు?

నన్ను అడిగితే, మీ అబ్బాయికి ఈ ఉద్యోగం సరిపోతుందో లేదో ఈ ఒక్క జవాబులోనే తేలిపోతుంది.

సీజన్‌లో ఆదివారం ఉదయమే ముందురోజు మ్యాచ్ ఫిల్మ్ పెడతారు. ప్రతి ఆటగాడికీ ప్రతి ప్లేకూ (బంతి కదిలినప్పటి నుంచి ఆగేదాకా ఒక ప్లే) మార్కులు వేస్తారు. ఆ తర్వాత వచ్చే శనివారం ప్రత్యర్థి మీద పడతారు. వాళ్ల పాత మ్యాచ్‌లన్నీ తెరిచి, ప్రతి ప్లేకూ వివరాలు ఎక్కించాలి: ఎన్నో డౌన్ (పది గజాలు ముందుకు పోవడానికి ఇచ్చే నాలుగు ప్రయత్నాల్లో ఎన్నోది), ఇంకా ఎన్ని గజాలు పోవాలి, ఎవరు ఎక్కడ నిలబడ్డారు, బంతి ఏ వైపు వెళ్లింది. ఇలా వందల ప్లేలు. సోమవారం కోఆర్డినేటర్ "మూడో డౌన్, నాలుగు గజాలు ఉంటే వీళ్లు ఏం చేస్తారు?" అని అడిగితే సమాధానం సిద్ధంగా ఉండాలి. ఆ లెక్క తప్పితే శనివారం ప్రత్యర్థి టచ్‌డౌన్ కొట్టి పాయింట్లు పట్టుకుపోతాడు. ఆ తప్పు ఎక్కడ జరిగిందో గదిలో అందరికీ తెలుస్తుంది.

మంగళ, బుధవారాలు గట్టి ప్రాక్టీస్. ప్రత్యర్థి ప్లేలను కార్డుల మీద బొమ్మలుగా గీసి, స్కౌట్ టీమ్ కుర్రాళ్లకు చూపించి, వాళ్ల చేత అచ్చం ప్రత్యర్థిలా ఆడించాలి. ఇది జీఏ పనే. మావాడు గీసిన కార్డులు ఒకసారి ఇంటికి తెచ్చాడు. వాళ్ల అమ్మ చూసి, "ముగ్గుల పుస్తకంలా ఉన్నాయిరా" అంది. ఒక్క గీత పక్కకు జరిగితే ముగ్గు కుదరనట్టే, ఇదీ కుదరదట.

ఇవన్నీ అయ్యాక వాడి సొంత మాస్టర్స్ క్లాసులు. మధ్యలో కాలేజీ చూడటానికొచ్చిన హైస్కూల్ పిల్లాడి కుటుంబాన్ని ఎయిర్‌పోర్ట్‌ నుంచి తీసుకురావడం, ఆటగాళ్లు క్లాసుకు వెళ్లారో లేదో చూసి రావడం. సీజన్‌లో ఆటగాళ్లకు వారానికి 20 గంటల పరిమితి ఉంది. కోచ్‌లకు అలాంటిదేమీ లేదు. అర్ధరాత్రి దాటాక ఫోన్ చేసి "ఇప్పుడే ఆఫీసు నుంచి బయటపడ్డాను" అని మావాడు చెప్పిన రోజులు లెక్కపెట్టలేను. అయినా వాడి గొంతులో విసుగు వినలేదు. అది వినపడని పిల్లలే ఇందులో నిలుస్తారు.

కాలేజీలో ఆడి ఉండాలా?

ఆడితే మేలు. స్టాఫ్‌లో ఎక్కువమంది ఆడినవాళ్లే. కానీ తప్పనిసరి కాదు. మైక్ లీచ్ కాలేజీ ఫుట్‌బాల్ ఆడలేదు, పెప్పర్‌డైన్‌లో లా చదివారు. 1987లో కాల్ పాలీలో చిన్న ఉద్యోగంతో మొదలుపెట్టి, హాల్ మమ్మీ అనే కోచ్‌తో అయోవా వెస్లియన్, వాల్డోస్టా స్టేట్, కెంటకీ తిరిగి, 2000లో టెక్సాస్ టెక్ హెడ్ కోచ్ అయ్యారు. బంతిని ఆపకుండా గాల్లోకి విసిరే ఎయిర్ రైడ్ పద్ధతిని వీళ్లిద్దరే ఎదిగించారు. ఇప్పుడు టెక్సాస్ హైస్కూళ్లలో సగం ఆట దాని నీడలోనే సాగుతున్నట్టు నాకనిపిస్తుంది. ఆడని పిల్లాడికి ఒక అదనపు భారం ఉంటుంది: వాడు చెప్పేది ఆటగాడికి పనికొస్తుందని రోజూ రుజువు చేసుకోవాలి.

ఏ డిగ్రీ చదవాలి?

డిగ్రీ కావాలి, ఏదైనా ఫరవాలేదు. టీచింగ్, కైనీషియాలజీ (శరీర కదలికల శాస్త్రం), స్పోర్ట్స్ మేనేజ్‌మెంట్ ఎక్కువమంది తీసుకుంటారు. మావాడు మ్యాథ్స్ చదివాడు. ఆ చదువు పనికొస్తోంది. టీచర్ సర్టిఫికెట్ వచ్చే కోర్సు తీసుకోమని నేను చెబుతాను. కాలేజీలో ఖాళీ లేని ఏడాది హైస్కూల్లో పాఠం చెబుతూ కోచింగ్ చేయవచ్చు.

జీతం ఎంత?

రెండు చివర్లూ చెబుతాను. ఒక చివర జీఏ: ఫీజు పోగా చేతికొచ్చే డబ్బుతో అద్దె కట్టడమే కష్టం. ఇద్దరు ముగ్గురు కలిసి ఒక అపార్ట్‌మెంట్‌లో ఉంటారు. టీమ్ భోజనం ఉంటుంది కాబట్టి ఆకలి బాధ ఉండదు. ఇంకో చివర పెద్ద కోఆర్డినేటర్లు: 2021లో క్లెమ్సన్ తన డిఫెన్స్ కోఆర్డినేటర్ బ్రెంట్ వెనబుల్స్‌తో ఏడాదికి 25 లక్షల డాలర్ల ఒప్పందం చేసుకుంది. ఆ డిసెంబర్‌లోనే ఆయన ఓక్లహోమా హెడ్ కోచ్‌గా వెళ్లిపోయారు.

మధ్యలో ఉన్నదే అసలు లోకం. చిన్న కాలేజీల పొజిషన్ కోచ్‌లలో చాలామంది స్కూల్ టీచర్ జీతానికి అటూ ఇటూగానే బతుకుతారు. కొందరు అదే కాలేజీలో క్లాసులు చెబుతారు, ఇంకో ఆట కూడా చూసుకుంటారు. ప్రభుత్వ యూనివర్సిటీల ఒప్పందాలు బహిరంగ పత్రాలే, వెతికితే దొరుకుతాయి. టీవీలో విన్న అంకెలు చూసి ఆశపడకుండా, మీ అబ్బాయి చేరాలనుకుంటున్న స్థాయిలో ఎంత ఇస్తున్నారో చూడండి.

ఎందుకు అన్ని ఊళ్లు మారతారు? ఒకచోట కుదురుగా ఉండలేరా?

మా అత్తగారు ఇప్పటికీ అడిగే ప్రశ్న ఇది.

జార్జియా హెడ్ కోచ్ కర్బీ స్మార్ట్ దారి చూడండి. 2000లో వాల్డోస్టా స్టేట్ అనే డివిజన్ 2 కాలేజీలో చేరి, 2001లో అక్కడే డిఫెన్స్ కోఆర్డినేటర్ అయ్యారు. పాతికేళ్లకే కోఆర్డినేటర్ అయిన మనిషి 2002లో ఆ కుర్చీ వదిలేసి ఫ్లోరిడా స్టేట్‌లో జీఏగా చేరారు, అక్కడి హెడ్ కోచ్ బాబీ బౌడెన్ దగ్గర నేర్చుకోవడానికి. తర్వాత 2004లో ఎల్‌ఎస్‌యూ, 2005లో జార్జియా, 2006లో మయామీ డాల్ఫిన్స్ అనే ప్రొఫెషనల్ టీమ్, 2007లో అలబామా. 2008 నుంచి 2015 దాకా అక్కడ డిఫెన్స్ నడిపి, 2016లో జార్జియా హెడ్ కోచ్‌గా వచ్చారు. 2021, 2022 సీజన్లలో జాతీయ టైటిల్ గెలిచారు.

అందులో 2002 నాటి అడుగు గురించే నేను తల్లిదండ్రులకు పదేపదే చెబుతాను. మన లెక్కలో అది దిగజారడం. మేనేజర్ ఉద్యోగం వదిలి ట్రైనీగా చేరినట్టు. ఈ వృత్తిలో మాత్రం, ఎవరి గదిలో కూర్చున్నావు, ఎవరి దగ్గర నేర్చుకున్నావు అన్నదే హోదా కన్నా బరువు తూగుతుంది. లానింగ్ కూడా సామ్ హ్యూస్టన్ స్టేట్‌లో పొజిషన్ కోచ్‌గా ఉండి, 2015లో అలబామాలో జీఏగా చేరారు. మీ అబ్బాయి "ఇక్కడ జీతం తక్కువ, పేరు కూడా చిన్నదే, కానీ ఆ కోచ్ దగ్గర పనిచేయాలి" అంటే వెంటనే కాదనకండి. ఆ కోచ్ ఎవరో కనుక్కోండి.

ఒకేచోట ఉండిపోయినవాళ్లూ ఉన్నారు. బడ్ ఫాస్టర్ 1987లో వర్జీనియా టెక్‌కు వచ్చి 2019లో రిటైర్ అయ్యేదాకా అక్కడే ఉన్నారు. హెడ్ కోచ్ కాలేదు. దేశంలో మేటి అసిస్టెంట్ కోచ్‌కు 1996 నుంచి ఇస్తున్న బ్రాయిల్స్ అవార్డు ఆయనకు 2006లో వచ్చింది. మొట్టమొదటి బ్రాయిల్స్ అందుకున్న మికీ ఆండ్రూస్ 1984 నుంచి 2009 దాకా ఫ్లోరిడా స్టేట్ డిఫెన్స్‌ను నడిపారు. ఒక్కొక్కరి వెనకా వాళ్ల కాలేజీ హెడ్ కోచ్ దశాబ్దాల పాటు మారకుండా నిలిచారు. అలా నిలిచే హెడ్ కోచ్‌లు ఇప్పుడు అరుదు.

హెడ్ కోచ్‌ను తీసేస్తే అసిస్టెంట్ల సంగతేంటి?

అందరూ వెళ్లిపోవాల్సిందే. కొత్త హెడ్ కోచ్ తన మనుషులను తెచ్చుకుంటాడు. పాతవాళ్లలో ఒకరిద్దరిని ఉంచుకుంటే అదృష్టం. దినదిన గండం నూరేళ్ల ఆయుష్షు అని మనవాళ్లు అనేది ఇలాంటి ఉద్యోగాన్ని చూసే.

మావాడికి ఇది మొదటి ఏడాదే తగిలింది. నవంబర్ చివర, ఒక ఆదివారం ఉదయం హెడ్ కోచ్‌ను తీసేశారన్న వార్తను వాడు ఫోన్‌లో చూసి తెలుసుకున్నాడు. ఆఫీసు నుంచి ఎవరూ పిలిచి చెప్పలేదు. పొజిషన్ కోచ్ ఒకాయన ముగ్గురు పిల్లలతో, స్కూలు ఏడాది మధ్యలో, మూటాముల్లె సర్దుకున్నారు. ఆయన ఇల్లు ఖాళీ చేసేటప్పుడు పెట్టెలు మోసింది మావాడే. చివరికి కొత్త స్టాఫ్ వీడిని ఉంచుకుంది. ఆ ఆరు వారాలు మా ఇంట్లో ఫోన్ మోగితే గుండె జారేది.

పెద్ద పేర్లకూ ఇది తప్పలేదు. డాబో స్విన్నీ అలబామాలో అసిస్టెంట్‌గా ఉండగా 2000 సీజన్ తర్వాత స్టాఫ్‌తో పాటు ఉద్యోగం పోయింది. రెండేళ్లు రియల్ ఎస్టేట్‌లో పనిచేశారు. 2003లో క్లెమ్సన్ రిసీవర్ల కోచ్‌గా పిలిచింది. 2008 అక్టోబర్‌లో సీజన్ మధ్యలో హెడ్ కోచ్ తప్పుకుంటే ఆయన్ని తాత్కాలికంగా కూర్చోబెట్టారు. 2016, 2018 టైటిళ్లు ఆ తాత్కాలిక కోచ్ గెలిచినవే. ఇక మా టెక్సాస్ యూనివర్సిటీ హెడ్ కోచ్ స్టీవ్ సార్కిసియన్: 2015లో యూఎస్‌సీ (యూనివర్సిటీ ఆఫ్ సదరన్ కాలిఫోర్నియా) తీసేశాక, 2016లో అలబామాలో అనలిస్టుగా చేరి మళ్లీ మొదలుపెట్టారు.

ఒప్పందం మీద సంతకం పెట్టేముందు మూడు సంగతులు లాయర్‌కు చూపించుకోవాలి: తీసేస్తే ఎంతకాలం జీతం వస్తుంది, వేరేచోట చేరితే అందులోంచి కోత పడుతుందా, తనంతట తాను మానేస్తే తిరిగి ఏమైనా కట్టాలా. కింది ఉద్యోగాల్లో ఏడాది ఒప్పందమే ఉంటుంది. కొన్నిచోట్ల అదీ ఉండదు.

రిక్రూటింగ్ అంటే ఏమిటి? అందరూ చేయాలా?

హైస్కూల్ ఆటగాళ్లను వెతికి, వాళ్ల ఇంటికి వెళ్లి, తల్లిదండ్రుల నమ్మకం సంపాదించి తమ కాలేజీకి తీసుకురావడం. ఎదగాలంటే తప్పదు. ఎంత గొప్పగా నేర్పినా ఆటగాళ్లను తేలేని కోచ్‌కు పై మెట్టు దొరకదు. 2018 అక్టోబర్‌లో, కాలేజీ మారాలనుకునే ఆటగాళ్లు పేరు నమోదు చేసుకునే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ వచ్చాక ఇంకో పని చేరింది: వేరే కాలేజీ వదిలి వచ్చేవాళ్లను పట్టుకోవడం, మనవాళ్లు వెళ్లిపోకుండా చూసుకోవడం. 2025 జూలై నుంచి కాలేజీలు ఆటగాళ్లకు నేరుగా డబ్బు ఇవ్వవచ్చు కాబట్టి ఆ మాటలూ కోచ్ దగ్గరికే వస్తున్నాయి.

మన పిల్లలకు ఇందులో ఒక బలం ఉందని నా నమ్మకం. పెద్దవాళ్లతో కూర్చుని నెమ్మదిగా మాట్లాడటం, నాయనమ్మను కూడా పలకరించడం మన ఇళ్లలో చిన్నప్పటి నుంచే అలవాటవుతుంది. రిక్రూటింగ్‌లో నిర్ణయం చాలాసార్లు ఆ నాయనమ్మదే.

సెలవులు ఎప్పుడు దొరుకుతాయి?

ఆగస్టులో క్యాంప్, డిసెంబర్ మొదటి వారం దాకా మ్యాచ్‌లు. ఆ డిసెంబర్‌లోనే కాలేజీలో చేరతామని హైస్కూల్ పిల్లల సంతకాలు, సీజన్ చివర ఆడే బౌల్ మ్యాచ్‌లు. జనవరిలో పోర్టల్, రిక్రూటింగ్ ప్రయాణాలు. వసంతంలో 15 ప్రాక్టీసులు, తర్వాత మళ్లీ ప్రయాణాలు. జూన్‌లో హైస్కూల్ పిల్లలకు క్యాంప్‌లు. కాస్త ఊపిరి తీసుకునేది జూలైలో. దసరా, దీపావళి, సంక్రాంతి మూడూ పోతాయి. ఇంట్లో పెళ్లి ఉంటే జూలైలో ముహూర్తం చూడమని అంటే, మా బావగారు ముందు కోప్పడ్డారు, తర్వాత చూశారు.

హెడ్ కోచ్ కావడానికి ఎన్నేళ్లు పడుతుంది?

మార్కస్ ఫ్రీమన్ 2010లో ఒహాయో స్టేట్‌లో జీఏ. కెంట్ స్టేట్, పర్‌డ్యూ, సిన్సినాటి దాటి, 2021 డిసెంబర్‌లో నోటర్ డేమ్ హెడ్ కోచ్ అయ్యేసరికి వయసు 35. ఇది చాలా వేగం. ఎక్కువమంది ఎప్పటికీ కారు. పొజిషన్ కోచ్‌గా ముప్పై ఏళ్లు పనిచేసి రిటైర్ అయినవాళ్ల దగ్గరికి పాత ఆటగాళ్లు పిల్లలను తీసుకుని రావడం నేను చూశాను. ఆ జీవితాన్ని ఓటమి అని నేను అనను.

ఆడపిల్లలకు అవకాశం ఉందా?

ఉంది, తలుపు ఇప్పుడిప్పుడే తెరుచుకుంటోంది. 2018లో డార్ట్‌మత్ కాలేజీ కాలీ బ్రౌన్‌సన్‌ను ఫుల్ టైమ్ కోచింగ్ స్టాఫ్‌లోకి తీసుకుంది. ఫిల్మ్, విశ్లేషణ, రిక్రూటింగ్ ఆఫీసుల నుంచి మొదలుపెట్టేవాళ్లు పెరుగుతున్నారు. మీ అమ్మాయి అడిగితే అబ్బాయికి చెప్పిన సలహానే చెప్పండి: మొదటి ఏడాదే వెళ్లి పని అడగమనండి.

ఇండియా నుంచి ఎంఎస్‌కు వచ్చిన విద్యార్థి ఈ దారిలోకి రావచ్చా?

క్యాంపస్‌లో పనిగా మొదలుపెట్టవచ్చు. ఎఫ్-1 వీసా మీద క్లాసులు జరిగే రోజుల్లో వారానికి 20 గంటల లోపే పనిచేయాలి. పైన చెప్పిన జీఏ రోజు దానిలో ఇమడదు. "కాగితం మీద 20 రాస్తాం, మిగతాది చూసుకుందాం" అని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. నష్టపోయేది విద్యార్థే. చదువయ్యాక ఓపీటీ మీద చేయాలంటే ఉద్యోగం చదివిన సబ్జెక్టుకు సంబంధించినదై ఉండాలి. డేటా సైన్స్ చదివినవాళ్లకు విశ్లేషణ ఉద్యోగం కొంత దగ్గరి దారి. హెచ్-1బీలో యూనివర్సిటీలకు లాటరీ ఉండదు కానీ, ఆ పనికి ఫలానా డిగ్రీ తప్పనిసరి అని చూపించాలి. కోచ్ ఉద్యోగానికి అది కష్టం. ఇమిగ్రేషన్ లాయర్‌ను అడగకుండా అడుగు వేయకండి.

మధ్యలో మానేస్తే ఏం మిగులుతుంది?

మాస్టర్స్ డిగ్రీ చేతిలో ఉంటుంది. హైస్కూల్ కోచింగ్, అథ్లెటిక్ ఆఫీసు ఉద్యోగాలు, స్పోర్ట్స్ డేటా కంపెనీలు ఉన్నాయి. టెక్సాస్‌లో పెద్ద హైస్కూల్ హెడ్ కోచ్ జీతం చిన్న కాలేజీ అసిస్టెంట్ కన్నా ఎక్కువే.

మ్యాచ్ రోజు మావాడు టీవీలో ఎక్కడ కనిపిస్తాడు?

కోఆర్డినేటర్లలో కొందరు పైన ప్రెస్ బాక్స్‌లో అద్దాల వెనక కూర్చుంటారు, అక్కడి నుంచి మైదానం మొత్తం కనిపిస్తుంది కాబట్టి. 2024 నుంచి ఎఫ్‌బీఎస్‌లో ప్రతి వైపూ ఒక ఆటగాడి హెల్మెట్‌లో కోచ్ మాట వినపడుతుంది. తర్వాతి ప్లే మొదలుపెట్టడానికి ఇచ్చే గడువు చూపే ప్లే క్లాక్ 15 సెకన్లకు రాగానే అది ఆగిపోతుంది. బొమ్మల బోర్డులు పట్టుకుని సైగలు చేసే కుర్రాళ్లు అంతకుముందు ఎక్కువ కనిపించేవారు. ఇప్పటికీ కొన్ని టీమ్‌లకు ఉన్నారు. జీఏను చూడాలంటే కెమెరా బంతి వెంట వెళ్లనప్పుడు చూడాలి. తమ వంతు ఆట (డ్రైవ్) ముగిసి ఆటగాళ్లు బెంచి మీద కూర్చోగానే, ట్యాబ్లెట్ పట్టుకుని వాళ్ల ముందు మోకాళ్ల మీద కూర్చుని, ఇప్పుడే జరిగిన ప్లే చూపిస్తూ వేలితో గీతలు గీస్తుంటాడు. మేం ప్రతి శనివారం ఆ నాలుగు సెకన్ల కోసమే చూస్తాం.